ఇంటి అద్దె కోసం పాట: హార్లెం రాత్రులు, న్యూజెర్సీలో ఒక బోటి కూర



ఈ వారం భాగ్యరెడ్డి వర్మ గురించి రాస్తానని మాటిచ్చాను. రాస్తాను. కానీ ఆయన దగ్గరికి ఈసారి న్యూయార్క్ మీదుగా రావాల్సి వస్తోంది. కారణం ఒక బోటి కూర. కాస్త ఓపిక పట్టండి.

2023 అక్టోబర్ 7, శనివారం. ఒక సెమినార్ కోసం అమెరికా వెళ్లిన నేను ఆ సాయంత్రం న్యూజెర్సీలో మా మండలం అక్క ఇంట్లో ఉన్నాను. అక్క నర్సు. అక్కడికి వెళ్లి పద్నాలుగేళ్లు. ఆ రోజు పొద్దుటి నుంచీ టీవీలో ఇజ్రాయెల్, గాజా వార్తలే. సాయంత్రానికి అక్క టీవీ బంద్ చేసి "తొమ్మిది మంది వస్తున్రు, ఉల్లిగడ్డలు కొయ్యి తమ్మీ" అని కత్తి చేతిలో పెట్టింది. హలాల్ దుకాణంలో తెచ్చిన బోటిని ముందు రోజు రాత్రే కడిగి పెట్టుకుంది. బోటి కడగడం ఎంత పనో కడిగినవాళ్లకే తెలుసు. వేడి నీళ్లు, ఉప్పు, పసుపు, గీకడం, మళ్లీ వేడి నీళ్లు. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి ఆ పని చేసింది. ఇంకో పొయ్యి మీద పెద్దకూర. పచ్చిపులుసు. జొన్నరొట్టెలు మాత్రం కుదరలేదు, పెనం మీదే ముక్కలైపోయాయి. అన్నంతోనే తిన్నాం.

పొయ్యి వెలిగించే ముందు అక్క కిటికీలన్నీ మూసింది. తలుపు కింద సందులో తడి టవల్ కుక్కింది. ఎందుకక్కా అంటే "ఎదురింట్ల మనోళ్లే ఉంటరు" అంది. మనోళ్లంటే తెలుగోళ్లు. బీఫ్ ప్రతి సూపర్ మార్కెట్‌లో వరుసలు వరుసలుగా పేర్చి అమ్మే దేశం అది. అక్క భయం అమెరికా వాళ్ల గురించి కాదు.

తిన్నాక పాటలు మొదలయ్యాయి. డప్పు లేదు. స్టీలు బేసిన్ బోర్లించి ఒకాయన దరువు పట్టాడు. సాఫ్ట్‌వేర్ మనిషి, ఇరవై ఏళ్ల నుంచి కొట్టలేదట, అయినా వేళ్లు మర్చిపోలేదు. ఊళ్లో బోనాల పాటలు, ధూంధాం పాటలు, అక్క చర్చి పాటలు, అంబేడ్కర్ పాటలు. ఒకరు అందుకుంటే మిగతావాళ్లు కోరస్. గొంతులు కాస్త లేవగానే అక్క చెయ్యి ఊపేది, మెల్లగా మెల్లగా అని. ఆ మధ్యలోనే ఫోన్లు మోగాయి. కుల వివక్షను పేరు పెట్టి నిషేధించే ఎస్‌బీ 403 బిల్లును కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశాడు. ఇప్పుడున్న చట్టాల్లోనే ఆ రక్షణ ఉంది కాబట్టి కొత్త చట్టం అనవసరం అన్నాడు. ఫిబ్రవరిలో సియాటిల్ నగరం అలాంటి నిషేధం తెచ్చినప్పుడు ఇదే ఇంట్లో స్వీట్లు పంచుకున్నారట. ఇప్పుడు బేసిన్ మీద చేతులు ఆగిపోయాయి.

అప్పుడు నోరు విప్పింది, అప్పటిదాకా మూలన కూర్చున్న చెల్లె. ఎమ్మెస్ చదవడానికి వచ్చి ఏడాది కాలేదు. ముగ్గురు తెలుగు అమ్మాయిలతో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉండేది. ఒక రోజు తన కూర వాసన, ఇంకో రోజు లాప్‌టాప్ మీద బాబాసాహెబ్ ఫోటో. తర్వాత "నువ్వు గిన్నెలు వేరే పెట్టుకో" అన్నారు. ఆ తర్వాత "లీజులో నీ పేరు లేదు కదా" అన్నారు. పదిహేను రోజుల నుంచి అక్క హాల్లో సోఫా మీద పడుకుంటోంది. కొత్త గది దొరికింది, అడ్వాన్సుకు డబ్బు లేదు. చట్టాల్లో రక్షణ ఉందని గవర్నర్ చెప్పిన పది నిమిషాలకు విన్న సంగతి ఇది. ఏ చట్టం కింద, ఎవరి మీద, ఎవరికి చెప్పుకోవాలో ఆ గదిలో ఒక్కరికీ తెలియలేదు.

జేబుల్లోకి చేతులు పోయాయి. చెల్లె ఒప్పుకోలేదు. "నాకు దానం వద్దు" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అందరం మొహాలు చూసుకుంటుంటే, చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముడొకడు నవ్వుతూ అన్నాడు: "ఇది దానమెట్లయితది అన్నా? తిన్నం, పాడినం. ఇది రెంట్ పార్టీ. నది అవతల హార్లెంల నూరేండ్ల కిందటే పెట్టిన్రు." ఫోన్‌లో కొన్ని పాత కార్డుల బొమ్మలు చూపించాడు. అతను ఆ రాత్రి చెప్పింది, తర్వాత నేను చదివింది కలిపి ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ముందు ఆ ఊరు గురించి. న్యూయార్క్ నగరంలో 1910లో నల్లవాళ్లు సుమారు 92 వేలు. 1930 నాటికి 3 లక్షల 27 వేలు దాటారు. దక్షిణాది రాష్ట్రాల పత్తి చేలల నుంచి, పాలేరుతనం లాంటి కౌలు నుంచి, లించింగ్‌ల నుంచి పారిపోయి వచ్చిన జనం. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఉత్తరాదిలో పనులు దొరికాయి. పని దొరికింది గానీ ఇల్లు దొరకలేదు. తెల్లవాళ్ల పేటల్లో వాళ్లకు అద్దెకివ్వరు. ఇచ్చేది హార్లెంలో. ఇంకెక్కడికీ పోలేరని తెలిసిన ఇంటి ఓనర్లు అక్కడ అద్దె పెంచారు. అలాంటి ఇంటికే తెల్లవాడు ఇచ్చే అద్దె కంటే నల్లవాడి అద్దె ఎక్కువ, జీతం మాత్రం తక్కువ. (హైదరాబాద్‌లో "వెజిటేరియన్స్ ఓన్లీ" బోర్డు చూసి వెనక్కి తిరిగిన మీకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.) ఒకే గదిని ఇద్దరు ముగ్గురికి ఇచ్చేవాళ్లు. రాత్రి పనివాడు పగలు పడుకున్న మంచంలోనే పగటి పనివాడు రాత్రి పడుకునేవాడు. అద్దె ఆలస్యమైతే సామాన్లు ఫుట్‌పాత్ మీద ఉండేవి.

ఆ ఫుట్‌పాత్‌ను తప్పించుకోవడానికి కనిపెట్టిందే రెంట్ పార్టీ. దక్షిణాది పల్లెల్లో చేపలు వేయించి అమ్మి, చర్చికో చావుకో డబ్బు పోగేసే అలవాటు ముందే ఉంది. అది నగరానికి వచ్చి అపార్ట్‌మెంట్‌లోకి దూరింది. అద్దె కట్టే తేదీకి ముందు చిన్న కార్డులు అచ్చు వేయించేవాళ్లు. పైన ప్రాస కుదిర్చిన రెండు సరదా లైన్లు, కింద ఎవరింట్లో, ఏ వీధిలో, ఏ రోజు. "అద్దె" అనే మాట చాలా కార్డుల్లో ఉండదు. "సోషల్ విస్ట్ పార్టీ" అని ఉంటుంది. విస్ట్ అంటే పేకాటలో ఒక రకం. ఆ ఇంట్లో విస్ట్ ఎవరూ ఆడరు, అది అందరికీ తెలుసు. తలుపు దగ్గర 10 సెంట్లో, 15 సెంట్లో, పావు డాలరో ఇవ్వాలి. లోపల సామాన్లన్నీ పక్కకు జరిపి, ఒక పియానో, మనిషి మీద మనిషి. శనివారం జీతాలు వచ్చే రోజు కాబట్టి శనివారం. గురువారం కూడా జరిగేవి. ఎందుకంటే తెల్లవాళ్ల ఇళ్లలోనే ఉండి పని చేసే ఆడవాళ్లకు గురువారం సాయంత్రం సెలవు. క్యాలెండర్‌ను పనిమనుషుల సెలవును బట్టి వేసిన పండుగ మన దగ్గర ఏదన్నా ఉందేమో ఆలోచించండి, నాకు తట్టలేదు.

తిండి సంగతి చెప్పాలి, నాకు అసలు విషయం అక్కడే ఉంది. వేయించిన కోడి, బొబ్బర్లూ బియ్యం కలిపి వండిన అన్నం, ఆకుకూరలు. వాటితో పాటు పంది కాళ్లు, పంది పేగులు. పేగుల్ని అక్కడ చిట్లిన్స్ అంటారు. బానిసత్వం రోజుల్లో పందిని కోస్తే తొడలు, మంచి కండ దొరకి. పేగులు, కాళ్లు, తల బానిసలకి. గంటలకు గంటలు కడిగి, ఉడికించి, దాన్ని కూర చేసుకున్నారు. ఆ వాసన గురించి తెల్లవాళ్లు వేసిన జోకులు, మన తునకల గురించి, నల్ల వేపుడు గురించి విన్న జోకులు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో గుర్తుపట్టలేం. అయితే హార్లెంలో ఆ పేగుల్ని తలుపు మూసి వండలేదు. ప్లేటుకింత అని అమ్మారు. ఆ వాసనే మెట్ల మీద ఇంటికి దారి చూపించింది.

పాట సంగతీ అంతే. జేమ్స్ పి. జాన్సన్, విల్లీ "ది లయన్" స్మిత్, ఫ్యాట్స్ వాలర్ లాంటి పియానో వాయిద్యకారులు ఒకే రాత్రి రెండు మూడు ఇళ్లలో వాయించేవాళ్లు. ఒకరి మీద ఒకరు పోటీకి దిగేవాళ్లు. ఎడమ చెయ్యి పెద్ద అంగలు వేస్తూ దరువు వేస్తుంటే కుడి చెయ్యి ఆటలాడుతుంది. అందుకే ఆ బాణీకి స్ట్రైడ్ అని పేరు. ఆ గదుల్లో డ్రమ్ముకు చోటు లేదు, డబ్బూ లేదు. కాబట్టి ఒక మనిషే మొత్తం బ్యాండు కావాలి. జాన్సన్ పేరు తెచ్చుకున్న "కరోలినా షౌట్" వెనుక, దక్షిణ కరోలినా తీరం నుంచి వచ్చిన కూలీలు న్యూయార్క్‌లో డాన్స్ హాలుకు వచ్చి వేసిన వాళ్ల ఊరి చిందులున్నాయి. వాళ్ల అడుగులకు తగ్గట్టు వాయిస్తూ వాయిస్తూ తయారు చేశాడు. జాజ్ చరిత్ర పుస్తకాల్లో ఇది సంగీత పరిణామం. నాకు మాత్రం ఊరి దరువు అద్దె ఇంట్లోకి రావడమే కనిపిస్తుంది.

దీన్ని మరీ అందంగా చెప్పుకోనక్కర్లేదు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్య నిషేధం. ఆ ఇళ్లలో దొంగ సారా అమ్మేవాళ్లు. కొట్లాటలు జరిగేవి, పోలీసులు వచ్చేవాళ్లు. అవసరం లేకపోయినా దాన్నే వ్యాపారం చేసుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1940లో అచ్చయిన "ది బిగ్ సీ"లో చెప్పిన విషయం చూడండి. అతనికి ఆ పార్టీలు ఎంతిష్టమంటే ఆ కార్డులన్నీ దాచుకున్నాడు. ఇప్పుడవి యేల్ విశ్వవిద్యాలయం బైనెకి లైబ్రరీలో ఉన్నాయి. పనిమనుషులు, లారీ డ్రైవర్లు, బట్టలు ఉతికేవాళ్లు, బూట్లు పాలిష్ చేసే కుర్రాళ్లు అక్కడ కలిసేవాళ్లని, తెల్లవాళ్లు వచ్చి వింతగా చూడని చోటు అదేనని రాశాడు.

ఆ "చూడటం" ఏమిటో తెలియాలంటే అదే హార్లెంలో కాటన్ క్లబ్ గురించి తెలియాలి. 1923 నుంచి ఆ పేరుతో నడిచింది. వేదిక మీద నల్ల కళాకారులు, 1927 నుంచి డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం. బల్లల దగ్గర కూర్చుని తినేది తెల్లవాళ్లు. నల్లవాళ్ల పేటలోనే ఉన్న క్లబ్బులో నల్లవాడు కస్టమర్‌గా అడుగు పెట్టలేడు. క్లబ్బు పేరు చూడండి, పత్తి! ఏ చేల నుంచి పారిపోయి వచ్చారో ఆ చేను పేరే పెట్టి దాని ముందు ఆడించారు. పెళ్లికి డప్పు కావాలి, చావుకి డప్పు కావాలి, డప్పు కొట్టిన మనిషికి విస్తరి మాత్రం అవతల వేస్తారు. ఈ వాక్యాన్ని నేను మా తాత గురించి రాస్తున్నానా, ఎల్లింగ్టన్ గురించి రాస్తున్నానా?

కాటన్ క్లబ్‌లో మనం కళాకారులం. రెంట్ పార్టీలో మనం ఇంటివాళ్లం. తేడా అదొక్కటే, కానీ అదే మొత్తం తేడా.

మరునాడు ఆదివారం తమ్ముడు నన్ను కొలంబియా విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లాడు. బాబాసాహెబ్ చదివిన చోటు చూడకుండా ఎట్లా వస్తాం. అది ఎత్తు మీద ఉంది. పక్కనే మార్నింగ్‌సైడ్ పార్కు, నిటారుగా రాతి గుట్ట, మెట్లు. దిగితే హార్లెం. ఆయన 1913 జూలైలో వచ్చి 1916లో లండన్ వెళ్లిపోయారు. రెంట్ పార్టీలు జోరందుకున్నది ఆ తర్వాతి పదేళ్లలో, కాబట్టి ఆయన వాటికి వెళ్లాడని కథ అల్లకండి. ఇప్పటికే వాట్సాప్‌లో చాలా అల్లారు. ఖాయంగా తెలిసిన సంగతులు చాలు. 1916 మేలో అదే విశ్వవిద్యాలయంలో ఒక సెమినార్‌లో ఆయన "కాస్ట్స్ ఇన్ ఇండియా" వ్యాసం చదివారు. పాతికేళ్ల కుర్రాడు. కులం గుట్టు కులంలోనే పెళ్లి చేసుకోవడంలో ఉందని అప్పుడే తేల్చారు. 1936లో "కుల నిర్మూలన"లో మరోసారి చెప్పారు: సహపంక్తి భోజనాలు ఎన్ని పెట్టినా కులం చావలేదు, కులాంతర వివాహం కావాలి, అంతకంటే ముందు ఆ కులాన్ని పవిత్రం చేసిన శాస్త్రాల మీద నమ్మకం పోవాలి.

సహపంక్తి భోజనం మీద ఆయన అనుమానం నాకు ఈ హార్లెం కార్డులు చూశాకే ఇంకో వైపు నుంచి అర్థమైంది. ఆ భోజనాల్లో పిలిచేది ఎవరు, వండేది ఎవరు, వంటకాన్ని నిర్ణయించేది ఎవరు? పిలిచింది సంస్కర్త. వడ్డించింది సంస్కర్త ఇంటి పప్పు. మనం స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్లి ఆయన పక్కన కూర్చోవాలి. ఫోటోలో ఉంటాం. మన గుడిసెలో, మన బోటి కూరకు ఆయన వచ్చి కూర్చున్న ఫోటో ఎక్కడ?

ఇక భాగ్యరెడ్డి వర్మ. 1888లో హైదరాబాద్‌లో పుట్టిన ఈ మనిషి 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, చదువు రాని మన బస్తీల్లోకి హరికథలతో వెళ్లాడు. పాటే ఆయన మొదటి బడి. 1910 నుంచి నిజంగానే బడులు పెట్టాడు. 1911లో మాన్య సంఘం. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడై, మనం పంచములం కాదు, ఈ నేలకు ఆదివాసులం, ఆది ఆంధ్రులం అని పేరు మార్పించాడు. అదే మనిషి సారా మానండి, జంతుబలులు మానండి, దేవుడి పేరుతో ఆడపిల్లల్ని వదలడం మానండి అని ఊరూరా తిరిగాడు. మొన్న ఒక విద్యార్థి నాతో వాదించాడు, "సార్, ఆయన మనల్ని బ్రాహ్మణీకరించాడు" అని. 2012లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెడితే రాళ్లు పడ్డాయి, బాష్పవాయువు పేలింది. ఆ వారసత్వంలో పెరిగిన పిల్లాడు అలా అనడం సహజమే.

కానీ హార్లెంలోనూ ఇదే తగువు నడిచింది. చదువుకున్న నల్ల మధ్యతరగతికి రెంట్ పార్టీలంటే సిగ్గు. పేగుల వాసన, గొడవ సంగీతం, జాతి పరువు తీస్తున్నారని కోపం. ఫ్యాట్స్ వాలర్ తండ్రి మతబోధకుడు, కొడుకు వాయించేది ఆయనకు సైతాను సంగీతం. హ్యూస్ 1926లో "ది నేషన్" పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ సిగ్గు మీదే. తెల్లవాడిలా ఉండాలనే కోరికే నల్ల కళాకారుడి దారిలో కొండ అన్నాడు. నేను హ్యూస్ వైపే. అయినా ఆ విద్యార్థికి చెప్పింది ఇది: వర్మ పోరాడిన శత్రువు సారా దుకాణం. మన కూలి డబ్బు అటు పోకుండా బడి వైపు తిప్పాలని చూశాడు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం తినొద్దని చెప్పింది కూడా పడేసింది తిని బతకొద్దని. పడేసింది తినడం వేరు. మనకిష్టమైంది వండి, ధర పెట్టి, నలుగురిని పిలవడం వేరు. వర్మ మాటల్లో నాకు నచ్చనివి ఉన్నాయి, వచ్చే వారం అవీ రాస్తాను. కానీ హరికథతో బస్తీని ఒకచోట కూర్చోబెట్టినవాడిని పాట శత్రువుల్లో కలపలేను.

ఒక విషయం మాత్రం ఆ ప్రయాణం నుంచి నన్ను వదలడం లేదు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో బాబాసాహెబ్ రాశారు: అమెరికా, యూరప్‌లలో గడిపిన అయిదేళ్లు తాను అంటరానివాడినన్న స్పృహనే తుడిచేశాయని. 1917లో బరోడా స్టేషన్‌లో దిగాక, ఎక్కడికి వెళ్లాలి, ఎవరు చోటిస్తారు అన్న ప్రశ్నతో అది మళ్లీ గుర్తొచ్చింది. పార్సీ సత్రంలో దొంగపేరుతో ఉంటే కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. విదేశంలో మర్చిపోయి, ఇంటికొచ్చి గుర్తు తెచ్చుకున్నాడు ఆయన. మా చెల్లె కథ తలకిందులు. ఊళ్లో హాస్టల్, యూనివర్సిటీలో హాస్టల్, చుట్టూ మనవాళ్లే ఉన్నారు. అమెరికా వెళ్లాకే "గిన్నెలు వేరే పెట్టుకో" అన్న మాట మొదటిసారి మొహం మీద విన్నది. 1913లో ఓడ మీద ఆయన వెంట కులం పెద్దగా రాలేదు. ఇప్పుడు విమానంలో ఊరు మొత్తం వచ్చింది, కులానికో సంఘంతో సహా.

ఆ శనివారం రాత్రికి తిరిగి వస్తాను. తమ్ముడు చెప్పిందంతా చెల్లె వంటింటి గుమ్మంలో నిలబడి వింది. అతను ఒక పేపర్ ప్లేటు వెనక పెన్నుతో కార్డు రాశాడు: సోషల్ విస్ట్ పార్టీ, బోటి, పెద్దకూర, పాటలు, మనిషికి ఇంత. దాన్ని అక్క ఫ్రిజ్‌కు అంటించింది. ప్లేటుకు డబ్బిచ్చాక పాట అడిగే హక్కు ఉంటుంది కదా. అందరూ చెల్లెనే పాడమన్నారు. వాళ్ల అమ్మ నాట్లప్పుడు పాడే పాట పాడింది. బేసిన్ మళ్లీ మోగింది. అక్క చెయ్యి ఊపడం మర్చిపోయింది. పదకొండు దాటాక ఎదురింటాయన వచ్చి తలుపు కొట్టాడు, సౌండ్ తగ్గించమని. అక్క "ఇంకొక్క పాట, అన్నా" అని తలుపు వేసింది. అడ్వాన్సుకు సరిపోను ఇంకా వంద డాలర్లు తగ్గితే బేసిన్ ఆయన మూడో ప్లేటు తిన్నట్టు రాసుకోమన్నాడు.

నవంబర్ 4న చెల్లె కొత్త గదిలో రెండో పార్టీ. అసలైన కార్డు చేసి వాట్సాప్‌లో అందరికీ పంపింది, నాకూ వచ్చింది. పైన ప్రాసతో రెండు లైన్లు కూడా రాసింది, బాగానే రాసింది. అప్పటికి నేను ఇక్కడ కాలేజీలో ఇంటర్నల్ పేపర్లు దిద్దుకుంటున్నాను. ఎంట్రీ పది డాలర్లు అని ఉంటే పది డాలర్లు పంపాను. రాత్రి తిరిగొచ్చేశాయి. కింద మెసేజ్: "తిననోళ్ల దగ్గర పైసలు తీసుకోను సార్. వచ్చినప్పుడు తిని ఇయ్యుర్రి."